ఖాళీగా వదిలితే కేకే

పదకొండో భాగం

"ఇంకో కేకు," అంది అమ్మ, ఫోను చెవి మీంచి దించుతూ.

వంటింట్లో అవ్వ రాతి మీద ఎండుమిరపకాయలు నూరుతూనే ఉంది. నాన్న మొక్కజొన్న రొట్టె చుట్టి చిక్కుడుగింజల చారులో ముంచి, చేతిని అక్కడే ఆపేశాడు. పక్క గదిలో చెల్లి యారెలీ ఏడుపు ఒక్క క్షణం ఆగింది. 'కేకు' అన్న మాట చెవిన పడ్డట్టుంది, మళ్ళీ మొదలైంది. ఈసారి ఇంకా పై స్థాయిలో.

"ఈసారి ఎవరు?" అన్నాడు నాన్న.

"ఎవులాలియా వదిన. మూడంతస్తులదట. 'నన్ను గుర్తుపెట్టుకుని కేకు జ్ఞానతల్లిని చేశావు వదినా, నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి' అంటోంది. నాకూ తిరిగాయి వదినా అన్నాను. అందులో అబద్ధమేం లేదు."

"మొత్తం ఎన్నయ్యాయి?"

"ఏడు."

నాన్న కాసేపు ఆలోచించాడు. "నాకు కేకంటే ఇష్టమే."

అమ్మ ఆయన్ని ఒక చూపు చూసింది. రొట్టె నాని చారులోకి తెగిపడింది. ఆయన దాన్ని వెతుక్కుంటూ తల వంచుకున్నాడు, ఇక ఎత్తలేదు.

శనివారం యారెలీ పదిహేనేళ్ళ పండుగ, ఆడపిల్లకి పదిహేనేళ్ళు నిండితే చేసేది. మా కొండల్లో ఆ పండుగ ఏ ఇంటివాళ్ళూ ఒంటిచేత్తో చేయరు. ఒకరు కిరీటం పెడతారు, ఒకరు చెప్పులు తొడుగుతారు, ఒకరు బాజాలు పెట్టిస్తారు. ఎవరు ఏది తెస్తే దానికి వాళ్ళు జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి. ఆ పూట నుంచి చచ్చేదాకా చుట్టాలే. ఇప్పుడు మా చెల్లికి ఉన్నవాళ్ళంతా కేకు జ్ఞానతల్లులూ, కేకు జ్ఞానతండ్రులూ. కిరీటం లేదు. చెప్పులు లేవు. బాజాలు లేవు.

కిరీటం ఎవరిదైనా అడిగి పెట్టొచ్చు. చెప్పులు నావే వేసుకోవచ్చు, ముందు కాస్త దూది కుక్కితే. బాజాలు లేకపోతే మాత్రం తండ్రీకూతుళ్ళు ఆడే వాల్ట్జ్ నాట్యం లేదు. వాల్ట్జ్ లేకపోతే అది పదిహేనేళ్ళ పండుగ కాదు, ఊరంతా కూర్చుని కేకు తినడం.

నాన్న ఆ వాల్ట్జ్ కోసం వేసవి అంతా చీపురుతో సాధన చేశాడు. ఆయనకి తాళం అందదు. బాజాల్లో పెద్ద బూరా 'బూం' అన్నప్పుడు కుడికాలు వేయడం ఒక్కటే నేర్చుకున్నాడు. పాటల పెట్టెలో పెడితే ఆ 'బూం' వినపడక, కాలు ఎప్పుడు వేయాలో తెలీక నిలబడిపోతాడు. మొన్న ప్రయత్నించాం. చీపురు మీదే పడ్డాడు.

"నీవెస్," అంది అమ్మ. నా పేరు అంత మెల్లగా పిలిచిందంటే పిడుగు పడబోతోందని అర్థం. "నీ మిషను అందర్నీ కేకే ఎందుకడిగింది?"

మిషను కాదు, ప్రోగ్రాము. కానీ ఇది సవరించే సమయం కాదు.

మా బళ్ళో ఇల్డా టీచరు, మీ ఇంట్లో పనికొచ్చే ప్రోగ్రాము ఒకటి రాయండి అంది. నేను 'జ్ఞానతండ్రి' అని ఒక క్లాసు రాశాను. పేరు ఇస్తే, కానుక ఇస్తే, ఒక జ్ఞానతండ్రి తయారై, ఆయన ఫోనుకి చక్కటి సందేశం వెళ్తుంది. 'గౌరవనీయులైన ఫలానా వారికి, మా యారెలీ పండుగకు మీరు ఫలానా కానుకకు జ్ఞానతండ్రిగా ఉండాలని మా కోరిక.' ఇల్డా టీచరు చదివి చప్పట్లు కొట్టింది. పేర్లు నింపింది అమ్మ.

"అమ్మా, కానుక దగ్గర నువ్వేం రాశావు?"

"ఏమీ రాయలేదు."

"ఎవరికీనా?"

"ఎవరికీ! ఫలానాది తెండి అని మొహం మీద ఎలా చెప్తామే? మర్యాద ఉండక్కర్లేదూ? వాళ్ళ ఇష్టానికి వదిలేశాను. ఖాళీగా ఉంచితే 'మీ దయ' అని."

మా ఊళ్ళో ఎవరైనా అలాగే చేస్తారు. ఖాళీ అంటే మర్యాద. ప్రోగ్రాముకి మాత్రం ఖాళీ అంటే కేకు.

"కన్‌స్ట్రక్టర్ అని ఒకటుంటుంది," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"గట్టిగా చెప్పవే, ఆ గదిలో దాని ఏడుపు, ఇక్కడ మీ అవ్వ నూరుడు."

"కన్‌స్ట్రక్టర్! క్లాసు అంటే అచ్చు. అందులోంచి ఒక్కో జ్ఞానతండ్రి పుట్టే క్షణంలో నడిచేది కన్‌స్ట్రక్టర్. పేరేమిటి, తెచ్చేదేమిటి అని అప్పుడే అడిగి, వాటితోనే ఆయన్ని పుట్టిస్తుంది. చెప్పకపోతే, ముందే రాసి పెట్టుకున్నది తీసుకుంటుంది."

"ముందే రాసి పెట్టింది ఎవరు?"

నేను నేల చూశాను.

"కేకు అని ఎందుకు రాశావే?"

"ఖాళీ వస్తే ఆగిపోకుండా ఏదో ఒకటి ముందే రాసి పెట్టమంది టీచరు. అప్పుడు నాకు ఆకలిగా ఉంది."

నాన్న భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడో, రొట్టె గొంతుకి అడ్డం పడిందో తెలియలేదు.

"సరే, పుట్టారుగా. ఇప్పుడు మార్చు," అంది అమ్మ. "కేకు తీసేసి బాజాలు పెట్టు. మిషనులో ఆ మాత్రం అవదా?"

"మిషనులో అవుతుందమ్మా. మనుషుల్లో ఎలా? చాక్లెట్ మిల్లులో కకావో గింజలు పోసి చక్కెర ఎంతో చెప్పడం మర్చిపోతే ఏమవుతుంది? మిల్లాయన రోజూ పోసేంత పోసేస్తాడు. పొడి అయ్యాక చక్కెర ఏరగలమా? ఎవులాలియా అత్త అప్పుడే మూడంతస్తుల కేకు చేయమని చెప్పేసింది."

అమ్మ స్టూలు మీద కూలబడింది. ఒప్పుకున్న మనిషిని అది కాదు ఇది తెమ్మనడం మా ఊళ్ళో చెంప మీద కొట్టడం లాంటిది. అది ఇంట్లో అందరికీ తెలుసు.

తలుపు తెరుచుకుంది. యారెలీ వచ్చింది. గౌను ఇంకా కుట్టలేదు గానీ దాని కింద వేసే కమ్మీల చట్రం తొడుక్కుంది. కోళ్ళగంపలో నిలబడ్డట్టుంది.

"దోన్ ఫిదెన్సియో ఏమన్నాడో అక్కకి చదివి వినిపించు," అంది.

"వద్దు తల్లీ."

"చదువు!"

అందరూ గౌరవంగా దోన్ అని పిలిచే ఫిదెన్సియో మా ఊరి బాజాల పెద్ద. పెద్ద బూరా ఊదేది ఆయనే. ఈ చుట్టుపక్కల ఏ ఊరి బాజాలైనా ఆయన 'ఊఁ' అనందే మా ఊరి పొలిమేర దాటవు. అమ్మ జాబితాలో ఆయన పేరూ ఉంది. దాని పక్కనా ఖాళీయే.

అమ్మ ఫోను దూరంగా పట్టుకుని చదివింది. "'జీవితమంతా ఈ ఊరి పెళ్ళిళ్ళకీ చావులకీ బాజా ఊదినవాణ్ణి. నన్ను కేకు తెమ్మన్నారు. మంచిది. మాట తప్పే వంశం కాదు మాది. శనివారం కేకు తెస్తాను. కేకు మాత్రమే తెస్తాను.'"

"మాత్రమే!" అని యారెలీ ఏడుస్తూ వెనక్కి తిరిగింది. చట్రం తలుపుకి తట్టుకుంది. పక్కకి తిరిగితే గానీ లోపలికి పట్టలేదు.

అప్పటిదాకా నూరుతున్న చప్పుడు ఆగింది.

"ఎవరైనా రొట్టె పట్టుకెళ్ళారా?" అంది అవ్వ.

"ఏ రొట్టె అమ్మా?"

"జ్ఞానతండ్రిని అడగడానికి ఏ రొట్టె పట్టుకెళ్తారే? నీ పెళ్ళికి నేనేం పట్టుకుని తిరిగాను? బుట్టలో గుడ్ల రొట్టె, చాక్లెట్, మెస్కాల్ సారా సీసా. గడప ముందు నిలబడి, ఇంటి పెద్ద నోరు తెరిచి, ఇదిగో ఫలానాది కావాలి అని అడగాలి. వాళ్ళు రొట్టె తుంచి నోట్లో పెట్టుకోవాలి. మింగితే కుదిరినట్టు. మింగే వరకు ఎవరికెవరూ ఏమీ కారు." అవ్వ చేతుల కారం కొంగుకి తుడుచుకుంది. "ఫోనులో గంట మోగిస్తే జ్ఞానతండ్రులు పుడతారా? అలా అయితే రోజూ నాకు ఫోను చేసే ఆ సబ్బుల కంపెనీ పిల్ల నా కూతురైపోవాలి."

నేను అవ్వ వైపు తిరిగాను.

"నడవలేదు," అన్నాను.

"ఏంటే?"

"కన్‌స్ట్రక్టర్ నడవలేదు! అవ్వ చెప్పింది అదే. పేరు రాసుకున్నంత మాత్రాన ఆబ్జెక్ట్ పుట్టదు, అంటే జ్ఞానతండ్రి పుట్టడు. గడప ముందు నిలబడి, రొట్టె ఇచ్చి, ఏం కావాలో నోటితో చెప్పడం, అదీ కన్‌స్ట్రక్టర్. అది నడవకపోతే వాళ్ళు పుట్టనే లేదు. పుట్టనివాళ్ళు కేకు ఒప్పుకోవడమేమిటి? మనం మార్చమని అడగట్లేదు. మొదటిసారి అడుగుతున్నాం!"

నేను ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడటం మా ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు. నాన్న చెంచా కింద పెట్టాడు.

అవ్వ నన్ను అనుమానంగా చూసింది. "మన పద్ధతి మీ టీచరుకి ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదవ్వా. అది కంప్యూటర్లో..."

"ఎవరో చెప్పే ఉంటారు. పట్నంవాళ్ళు అన్నీ ఇక్కణ్ణుంచే పట్టుకెళ్తారు." కానీ మొహం వెలిగింది. "ఒఫేలియా, బుట్ట దించు. ముందు ఫిదెన్సియో ఇంటికి. తక్కినవాళ్ళకి రేపు."

"నువ్వెళ్తావా?" అమ్మ నోరు తెరిచింది. "ఆయన గడపకి? నువ్వు?"

అవ్వకీ దోన్ ఫిదెన్సియోకీ మాటల్లేవు. ఒకసారి ఊరేగింపులో అవ్వ అందరూ వినేలా, "ఆ బూరా వింటే కడుపుబ్బిన మా ఎద్దే గుర్తొస్తుంది" అంది. ఊరు ఆ మాటను తిండి మానేసి మోసింది. అప్పట్నుంచి ఊరేగింపు మా వీధిలోకి రాగానే బాజాలు ఆగిపోతాయి. మా ఇల్లు దాటేవరకు వాళ్ళు బూరాలు చంకన పెట్టుకుని, శవం వెనక నడిచినట్టు మౌనంగా నడుస్తారు. మూల తిరగ్గానే మళ్ళీ ఊదుతారు. పక్కింటివాళ్ళు కూడా మమ్మల్ని దీనికే తిట్టుకుంటారు.

"నేను తోడుగా వస్తాను," అంది అవ్వ, నన్ను చూపిస్తూ. "అడిగేది ఇది. ఇది పుట్టించిన గోల, ఇదే అడగాలి."

బయల్దేరే ముందు ప్రోగ్రాములో ఒక్క మార్పు చేశాను. కేకు అన్న మాట కొట్టేశాను. ఇక కానుక ఖాళీగా ఉంటే జ్ఞానతండ్రి పుట్టడు, సందేశం పోదు.

"అమ్మా, అందరికీ కొత్తగా పంపు. మొన్నటిది అడిగినట్టు కాదు, రొట్టెతో వస్తాం అని పైన రాశాను. కానుక దగ్గర మాత్రం ఖాళీ వదలకు, అది ఒప్పుకోదు."

అమ్మ మోచేతులదాకా పిండిలో ఉంది. "మరేం రాయనే?"

"ఏదో ఒకటి రాయాలి..."

"ఒసేయ్, వస్తావా రావా?" వీధిలోంచి అవ్వ.

"మనకి ముఖ్యం ఏదో నీకు తెలుసుగా అమ్మా!" అని అరిచి పరిగెత్తాను.

దారంతా అవ్వ నా చేత మాటలు వల్లె వేయించింది. దోన్ ఫిదెన్సియో ఇంటికి ఇరవై గజాల దూరంలో ఆగి, కలబంద కంచె వెనక నక్కింది. నల్లటి శాలువా అంచు ముళ్ళకి పట్టుకుని జెండాలా వేలాడుతోంది. అది ఆమెకి తెలియలేదు.

తలుపు తీసింది ఆయనే. మీసానికి చక్కెర పొడి అంటుకుని ఉంది. వెనక బల్ల మీద పెద్ద కాగితం, దాని మీద గీసిన బూరా, బూరా పక్కన 'పైన చాక్లెట్, లోపల జామ' అని రాత. బూరా ఆకారంలో కేకు చేయిస్తున్నాడు. ఆయన పంతం అంత దూరం వెళ్ళింది.

"ఏం అమ్మాయ్?"

వల్లె వేసిన మాటలన్నీ పోయాయి. నోటికి వచ్చింది నేను రాసిన సందేశమే.

"గౌరవనీయులైన దోన్ ఫిదెన్సియో గారికి, మా యారెలీ పండుగకు మీరు..."

అక్కడ మాట ఆగిపోయింది. సరిగ్గా ఆ ఖాళీ దగ్గరే.

ఆయన ఎదురుచూశాడు. నేను బుట్ట పట్టుకుని నిలబడ్డాను. రొట్టె మీద ఈగ వాలింది.

"కేకా?" అన్నాడు.

"కాదు!" అన్నాను. "బాజాలు! కేకు ఎవరూ అడగలేదు. కేకు దానంతటదే వచ్చింది. మిమ్మల్ని ఇంకా ఎవరూ ఏమీ అడగలేదు, రొట్టె లేకుండా అడిగితే అడిగినట్టు కాదు. ఇదిగో రొట్టె. ఇప్పుడే అడుగుతున్నాను. మా నాన్నకి మీ బూరా వినపడితే తప్ప కాలు పడదు. వేసవంతా చీపురుతో ఆడాడు. మీరు రాకపోతే శనివారం ఊరందరి ముందు మా చెల్లి చెయ్యి పట్టుకుని ఊరికే నిలబడిపోతాడు."

దోన్ ఫిదెన్సియో మీసం తుడుచుకున్నాడు. చక్కెర రాలింది.

"చీపురుతోనా?"

"అవునండి."

"నా బూరా వింటేనే కాలు పడుతుందా?"

"'బూం' అన్నప్పుడు కుడికాలు."

ఆయన గొంతు సవరించుకున్నాడు. చెయ్యి రొట్టె దాకా వచ్చింది. వచ్చి ఆగింది. చూపు నా భుజం మీంచి కంచె వైపు వెళ్ళింది.

"అడగాల్సింది ఇంటి పెద్ద కదా," అన్నాడు కొంచెం గట్టిగా. "నువ్వు పెద్దవా?"

"కాదండి."

"పెద్దావిడ ఎవరు?"

నేను మాట్లాడలేదు. కంచె కూడా మాట్లాడలేదు.

"ఆ కలబందకి శాలువా ఎవరు కప్పారో మరి," అన్నాడు ఆయన. "పాపం, చలేస్తోందేమో."

కంచె వెనక ముళ్ళు చిరచిరలాడాయి. అవ్వ బయటికి వచ్చింది. శాలువా సగం వెనకే ఉండిపోయింది. లాక్కుంటే చిరిగింది. ఆ చిరుగును చూసుకుంటూ, తల ఎత్తకుండా నడిచి వచ్చి నా పక్కన నిలబడింది.

"ఫిదెన్సియో."

"దోన్యా తొమాసా."

"ఎద్దు మాట గురించి."

"ఆఁ, చెప్పండి. ఎద్దు మాట గురించే."

అవ్వ దవడ బిగించింది. ఆవిడ క్షమాపణ అడగదు. మా తాతయ్య నలభై ఏళ్ళు ఎదురుచూసి, అది వినకుండానే పోయాడు.

"ఆ ఎద్దంటే నాకు ప్రాణం," అంది చివరికి. "అది కడుపుబ్బి చచ్చిపోయిన రాత్రి నేను గొడ్లపాకలోనే పడుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. తర్వాత నీ బూరా వింటే అదే గుర్తొచ్చేది. నేనన్నది అంతే. నవ్వింది ఊరు. నేను నవ్వలేదు."

దోన్ ఫిదెన్సియో తలుపు పక్క గోడకి వేలాడుతున్న బూరా వంక చూశాడు. దాని నోటి చుట్టూ ఇత్తడి అరిగి తెల్లబడింది.

"పేరేమిటి దానికి?" అన్నాడు.

"కర్నల్."

"మంచి ఎద్దు."

"మంచి ఎద్దు. అడుగుతున్నాను ఫిదెన్సియో. నా మనవరాలి పండుగకి బాజాల జ్ఞానతండ్రివి నువ్వు కావాలి. ఇంకెవరూ కాదు. ఈ ఊళ్ళో ఇంకెవర్నీ ఆ మాట అడగను."

ఆయన నిటారుగా నిలబడ్డాడు. టోపీ తీశాడు. రొట్టె తుంచాడు, పెద్ద ముక్కే. నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నమలడం మొదలుపెట్టాడు. కన్‌స్ట్రక్టర్ నడుస్తున్న చప్పుడు నేను మొదటిసారి చెవులారా విన్నాను.

"ఫిదెన్సియో బావా! ఇంట్లోనే ఉన్నావా?"

వెనక్కి తిరిగాను. వీధి మలుపులో ఎవులాలియా అత్త, ఫోను పైకెత్తి ఊపుకుంటూ, రొప్పుకుంటూ వస్తోంది. ఆవిడ వెనక మిల్లు దోన్ క్రిసోఫొరో. ఆయన వెనక ఇంకా ఇద్దరు. అందరూ కేకువాళ్ళే.

"బావా, నీ బాజాలు నాకు కావాలి! ఒఫేలియా వదిన ఇప్పుడే పంపింది, కేకు కాదట, నన్ను బాజాల జ్ఞానతల్లిగా ఉండమంది!"

"నిన్నా?" అన్నాడు దోన్ క్రిసోఫొరో. "నన్ను కదా ఉండమంది!"

"మీరిద్దరూ తప్పుకోండి, నాకు వచ్చింది చూడండి," అని వెనక నుంచి ఇంకో ఫోను లేచింది.

అమ్మ ఏం చేసిందో అక్కడే నిలబడి అర్థమైంది. ఖాళీగా వదలొద్దన్నాను. ముఖ్యమైంది ఏదో తెలుసుగా అన్నాను. అమ్మకి తెలుసు. అందరికీ అదే రాసింది. ఇంతమందిని అడిగితే ఒక్కరైనా తేకపోతారా అని. కన్‌స్ట్రక్టర్ అడిగింది ఇచ్చారా లేదా అన్నదే చూస్తుంది. ఇచ్చినవాళ్ళకి బుద్ధి ఉందా లేదా అని చూడదు.

దోన్ ఫిదెన్సియో కళ్ళు తెరిచాడు. ఎవులాలియా అత్త ఫోను చూశాడు. క్రిసోఫొరో ఫోను చూశాడు. 'ఇంకెవర్నీ అడగను' అన్న మా అవ్వని చూశాడు. నమలడం ఆపేశాడు.

రొట్టె ఇంకా ఆయన బుగ్గలోనే ఉంది. ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. ఉమ్మేస్తే అంతే సంగతులు.

అవ్వ ఒక అడుగు ముందుకు వేసి, గడప మీద కాలు పెట్టింది.

"మింగు, ఫిదెన్సియో," అంది.